వైరస్‌ను ఆపే యూవీ కాంతి: లేజరా, ట్యూబా, ఎల్ఈడీనా, 222 దీపమా?

విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఉన్న చిన్న ఆస్పత్రుల్లో, ల్యాబుల్లో పరికరాలు చూసుకోవడం నా పని. ఈమధ్య డాక్టర్ల చేతికి వస్తున్న కొటేషన్లలో ‘యూవీ లేజర్ స్టెరిలైజేషన్’ అనే మాట కనపడుతోంది. వెంటనే ఫోన్ చేస్తారు. ‘ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో పాత యూవీ ట్యూబ్ తీసేసి ఇది పెట్టించమంటారా?’ అని అడుగుతారు. జవాబు ముందే చెప్తాను. గదిని శుభ్రం చేయడానికి లేజర్ వద్దు. చాలా ఆస్పత్రులకు సరైన చోట, సరైన ఎత్తులో బిగించిన 254 నానోమీటర్ల ట్యూబే ఈరోజుకీ మంచి ఎంపిక. ఈ నానోమీటర్లు కాంతి తరంగదైర్ఘ్యానికి కొలత. మనుషులు కూర్చున్న గదిలోనే వెలగాలంటే 222 నానోమీటర్ల దీపం గురించి ఆలోచించవచ్చు. నీళ్ళకు, చిన్న పెట్టెలకు ఎల్ఈడీ బాగుంటుంది. ఎందుకు ఇలా అంటున్నానో తెలియాలంటే, కాంతి తగిలినప్పుడు వైరస్‌కు ఏమవుతుందో కొంచెం చూడాలి.

వైరస్ లోపల జరిగేది

యూవీ కాంతిలో 100 నుంచి 280 నానోమీటర్ల మధ్య ఉన్న భాగాన్ని యూవీ-సి అంటారు. ఎండలో కూడా అది ఉంటుంది కానీ, పైన ఓజోన్ పొర, గాలి కలిసి దాన్ని నేల దాకా రానివ్వవు. వైరస్‌లో వంశసమాచారం ఆర్‌ఎన్‌ఏ రూపంలోనో డీఎన్‌ఏ రూపంలోనో ఉంటుంది. ఈ అణువులు 260 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటాయి. పీల్చుకున్న శక్తితో గొలుసులో పక్కపక్కనే ఉన్న రెండు అక్షరాలు, డీఎన్‌ఏలో అయితే థైమిన్లు, ఆర్‌ఎన్‌ఏలో అయితే యురాసిల్‌లు, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ అతుకు దగ్గర కాపీ తీసే యంత్రాంగం ఆగిపోతుంది. వైరస్ మన కణంలోకి వెళ్ళినా తనలాంటివాటిని తయారు చేయలేదు.

అందుకే శాస్త్రవేత్తలు దీన్ని చంపడం అనకుండా నిర్వీర్యం చేయడం అంటారు. వైరస్ పెంకు బయటికి చెక్కుచెదరకుండానే ఉండవచ్చు. కొనేవాళ్ళకు ఇక్కడ ఒక ఉపయోగం ఉంది. ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష ఆర్‌ఎన్‌ఏలో చిన్న ముక్కను మాత్రమే వెతుకుతుంది కాబట్టి, నిర్వీర్యమైన వైరస్ కూడా పాజిటివ్‌గా కనపడగలదు. యంత్రం పనితనానికి రుజువు కావాలంటే వైరస్‌ను కణాల్లో పెంచి, ఎంత మిగిలిందో లెక్కపెట్టిన రిపోర్టు అడగండి. పీసీఆర్ రిపోర్టు చూపించి అమ్మేవాళ్ళకు ఈ తేడా తెలియకపోవచ్చు, మీకు తెలిసి ఉండాలి.

230 నానోమీటర్ల కంటే కిందికి వెళ్తే కథ కొంత మారుతుంది. అక్కడ ప్రోటీన్లు కూడా కాంతిని గట్టిగా పీల్చుకుంటాయి. అంటే పెంకు కూడా దెబ్బతింటుంది. దీని విలువ అడినోవైరస్ దగ్గర బాగా తెలుస్తుంది. కళ్ళకలకకు, పిల్లల్లో జ్వరాలకు కారణమయ్యే ఈ వైరస్‌లో రెండు పోగుల డీఎన్‌ఏ ఉంటుంది. 254 కాంతి దాన్ని పాడుచేసినా, అది దూరిన కణంలోని మరమ్మతు ఏర్పాట్లే దాన్ని బాగుచేసేస్తాయి. ప్రోటీన్ కూడా పాడైతే కణంలోకి దూరడమే కష్టమవుతుంది.

అసలు అడగాల్సింది డోసు

దీపం ఏ రకమైనా, వైరస్ మీద చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీజౌల్స్ పడ్డాయన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. తీవ్రతను సెకన్లతో గుణిస్తే డోసు వస్తుంది. తక్కువ కాంతి ఎక్కువసేపు పడినా, ఎక్కువ కాంతి కొద్దిసేపు పడినా మామూలు పరిస్థితుల్లో ఫలితం దాదాపు ఒకటే.

కోవిడ్ వైరస్ మీద 254 నానోమీటర్ల కాంతితో ఇటలీలో చేసిన ప్రయోగం 2021లో అచ్చయింది. ద్రవంలో ఉన్న వైరస్‌కు 3.7 మిల్లీజౌల్స్ డోసుతోనే వెయ్యిలో ఒక వంతు కంటే తక్కువ మిగిలింది. అదే తాగునీటిలో వైరస్‌లను పదివేలలో ఒక వంతుకు తగ్గించాలంటే అమెరికా పర్యావరణ సంస్థ 186 మిల్లీజౌల్స్ అడుగుతుంది. ఆ సంఖ్య అంత పెద్దదిగా ఉండటానికి కారణం అడినోవైరసే. కాబట్టి ‘99.9 శాతం వైరస్‌లు’ అని పెట్టె మీద రాస్తే, ఏ వైరస్, ఎంత దూరంలో, ఎన్ని నిమిషాలకు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా ఆ అంకెకు అర్థం లేదు.

నీడ మాట కూడా ఇక్కడే చెప్పాలి. యూవీ-సి మామూలు గాజులోంచి దూరదు, చాలా ప్లాస్టిక్‌లలోంచి దూరదు, దుమ్ము పొరలోంచి, ఎండిన రక్తపు మరకలోంచి దూరదు. మంచం కింద, డ్రిప్ స్టాండ్ వెనక, దుప్పటి మడతల్లో దాని పని సున్నా. ముందు తడిగుడ్డతో తుడవడం, తర్వాత యూవీ. ఈ వరుస మార్చేవాళ్ళు ఏ దీపం కొన్నా డబ్బు దండగే.

లేజర్ ఎందుకు వద్దంటున్నాను

లేజర్ నిజంగా వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది, అందులో అనుమానం లేదు. క్రిప్టాన్ ఫ్లోరైడ్ ఎక్సైమర్ లేజర్ 248 నానోమీటర్ల దగ్గర కాంతినిస్తుంది. ఎన్‌డీ-యాగ్ లేజర్ నుంచి వచ్చే 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని స్ఫటికాల గుండా రెండుసార్లు సగానికి దించితే 266 వస్తుంది. రెండూ ఆర్‌ఎన్‌ఏ పీల్చుకునే ప్రాంతంలోనే ఉన్నాయి. వైరస్‌లో జరిగే అతుకు కూడా ట్యూబ్ కాంతితో జరిగేదే. లేజర్ నుంచి వచ్చినంత మాత్రాన ఆ కాంతికి అదనపు మహిమ ఏమీ రాదు. పికోసెకన్లలో ముగిసే అతి తీవ్రమైన పల్స్‌లు వాడినప్పుడు ఒకే అణువు ఒకేసారి రెండు ఫోటాన్లను, అంటే కాంతి రేణువులను, మింగడం, ఆర్‌ఎన్‌ఏ పక్కనున్న ప్రోటీన్‌కు అతుక్కోవడం లాంటి వేరే సంగతులు జరుగుతాయి. అవి పరిశోధనశాల పనులు. మన ఓపీ గదికి వాటితో పని లేదు.

లేజర్ గొప్పతనం, శక్తినంతా చిన్న చుక్కలో పోయడం. గదికి అదే దాని లోపం. లెక్క వేసి చూద్దాం. ఒక మిల్లీవాట్ యూవీ లేజర్ కిరణం ఒక చదరపు మిల్లీమీటరు చుక్క మీద పడిందనుకోండి. అక్కడ 4 మిల్లీజౌల్స్ డోసు చేరడానికి 0.04 సెకను చాలు. ప్రదర్శనలో ఇది చూస్తే ఎవరికైనా కళ్ళు చెదురుతాయి. ఇప్పుడు అదే కిరణంతో ఒక చదరపు మీటరు బల్ల మొత్తం తిప్పి రావాలి. బల్లకు పదివేల చదరపు సెంటీమీటర్లు, ఒక్కో సెంటీమీటరుకు 4 మిల్లీజౌల్స్, మొత్తం 40 జౌల్స్. ఒక మిల్లీవాట్‌తో అది 40,000 సెకన్లు, అంటే 11 గంటలు. 30 వాట్ల మామూలు యూవీ ట్యూబ్ తీసుకునే కరెంటులో దాదాపు మూడో వంతు యూవీ-సిగా బయటికి వస్తుంది. అందులో ఒక్క వాట్ బల్ల మీద పడినా 40 సెకన్లలో అదే పని అయిపోతుంది. పెద్ద లేజర్ కొంటే వేగం పెరుగుతుంది, దానితోపాటు ధర, చల్లబరిచే ఏర్పాటు, తిరిగే అద్దాలు, సర్వీస్ ఇంజినీర్ కోసం వేరే ఊరికి ఫోన్లు, అన్నీ పెరుగుతాయి.

ప్రమాదం సంగతి ఇంకా బరువైనది. ట్యూబ్ కాంతి దూరం వెళ్ళేకొద్దీ పలచబడుతుంది. లేజర్ కిరణం స్టీల్ ట్రే మీద పడి తిరిగి వచ్చినా కళ్ళకు ప్రమాదమయ్యేంత తీవ్రతతో రాగలదు. పైగా కంటికి కనపడదు. విజయవాడ ఆటోనగర్‌లో అద్దం లేకుండా వెల్డింగ్ చేసినవాళ్ళకు రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట వస్తుంది కదా, అది యూవీ వల్ల కంటి పైపొరకు తగిలే దెబ్బే. లేజర్‌తో ఆ దెబ్బ కన్ను ఆర్పేలోపు తగులుతుంది.

దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2020 మే నెలలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ‘యూవీ బ్లాస్టర్’ అనే గది శుద్ధి యంత్రాన్ని బయటపెట్టింది. తయారు చేసింది ఢిల్లీలోని లేజర్ల ప్రయోగశాల లాస్టెక్. లేజర్లే వృత్తిగా ఉన్న ఆ ప్రయోగశాల తన యంత్రంలో ఆరు 254 నానోమీటర్ల దీపాలు పెట్టింది, ఒక్కోటి 43 వాట్ల యూవీ-సి ఇచ్చేవి. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న గదికి దాదాపు 10 నిమిషాలు, 400 చదరపు అడుగులకు 30 నిమిషాలు అని చెప్పారు. గదిలో మనుషులు ఉండకూడదు. లేజర్ గురించి అన్నీ తెలిసినవాళ్ళు గదికి దీపాన్నే ఎంచుకున్నారు. నాకు ఇంతకంటే గట్టి సలహా అక్కర్లేదు.

లేజర్‌కు సరైన చోటు లేదని కాదు. ఏ తరంగదైర్ఘ్యం ఏ సూక్ష్మజీవిని ఎంత దెబ్బతీస్తుందో విడివిడిగా కొలవాలంటే ఒకే రంగు ఇచ్చే లేజర్‌ను మించిన సాధనం లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇలా తరంగదైర్ఘ్యం మార్చుకోగల లేజర్‌తో నీటిలోని సూక్ష్మజీవుల మీద కొలతలు తీసింది. ఎల్ఈడీలు, 222 దీపాలు ఎక్కడ వాడాలో తెలియడానికి అలాంటి కొలతలే ఆధారం. మీది వైరాలజీ పరిశోధనశాల అయితే లేజర్ కొనండి. నర్సింగ్ హోమ్ అయితే ఆ డబ్బుతో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, తలుపు తెరవగానే దీపం ఆరిపోయే ఇంటర్‌లాక్ స్విచ్‌లు పెట్టించండి.

254 ట్యూబ్: పాతదే, కానీ తెలిసి వాడాలి

పాదరసపు ఆవిరితో వెలిగే ఈ ట్యూబ్ ఖచ్చితంగా 253.7 నానోమీటర్ల కాంతినిస్తుంది. 1910లోనే ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో నీటి శుద్ధికి వాడి చూశారు. 1930ల చివర్లో అమెరికాలో విలియం వెల్స్ ఫిలడెల్ఫియా దగ్గరి బడుల్లో తరగతి గదుల పైభాగంలో ఈ దీపాలు పెట్టి, పిల్లల్లో తట్టు వ్యాప్తి తగ్గిందని చూపించారు. చవక, నమ్మకం, ఊళ్ళోనే దొరకడం, మామూలు ఎలక్ట్రీషియన్ మార్చగలగడం దీని బలాలు.

దీన్ని మూడు రకాలుగా వాడవచ్చు. ఖాళీ ఓటీలో రాత్రిపూట వెలిగించడం అందరికీ తెలిసిందే. ఏసీ డక్ట్‌లో పెట్టడం రెండోది. పార్లమెంటు భవనం కోసం చండీగఢ్‌లోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల సీఎస్ఐఓ చేసింది ఇదే పద్ధతి. ట్యూబ్ గోడ 40 డిగ్రీల వేడి దగ్గర ఉన్నప్పుడు వెలుగు బాగా ఇస్తుంది కాబట్టి, చల్లగాలి నేరుగా తగిలే డక్ట్‌లో మామూలు ట్యూబ్ నీరసపడుతుంది. డక్ట్ కోసమే తయారైన ట్యూబ్ అడగండి.

మూడో పద్ధతి మన దగ్గర చాలామందికి తెలియదు, నాకు ఎక్కువ ఇష్టమైనది కూడా అదే. గదిలో 7 అడుగుల పైన, కాంతి కిందికి రాకుండా రేకులు అమర్చిన దీపం గోడకు బిగిస్తారు. కింద రోగులు కూర్చునే ఉంటారు, పైన గాలి శుద్ధి అవుతూ ఉంటుంది. క్షయ వ్యాప్తిని తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో దీన్ని సిఫారసు చేసింది. ఓపీలో యాభై మంది గుంపుగా కూర్చుని దగ్గే ఊళ్ళో ఇది బంగారం లాంటి పద్ధతి. షరతులు మాత్రం ఉన్నాయి. సీలింగ్ కనీసం 8 అడుగులు ఉండాలి. ఫాల్స్ సీలింగ్ దించేసి, ప్లైవుడ్ పార్టిషన్లతో ఒక గదిని మూడు చేసిన ఓపీల్లో అది కుదరదు. కింది గాలి పైకి వెళ్ళాలి కాబట్టి ఫ్యాన్ తిరగాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే పనితనం తగ్గుతుంది. కృష్ణా తీరాన వానాకాలంలో తేమ ఆ గీతను తేలికగా దాటుతుంది. అందుకే ఆ నెలల్లో దీపం ఒక్కదాన్నే నమ్ముకుని కిటికీలు మూసేయకూడదు.

ట్యూబ్ నీలంగా వెలుగుతోంది కదా అని చాలామంది మార్చరు. ఆ నీలం రంగు యూవీ-సి కాదు. యూవీ-సి కంటికి కనపడదు. దాదాపు 9,000 గంటల తర్వాత నీలం అలాగే ఉంటుంది, పని చేసే కాంతి మాత్రం పడిపోతుంది. చోక్ దగ్గర గంటలు లెక్కపెట్టే మీటరు పెట్టించండి, లేదా ఏడాదికి ఒకసారి మార్చే తేదీ గోడ మీద రాయండి. గుంటూరులో మిర్చి యార్డు వైపు ఆస్పత్రుల్లో ట్యూబ్ మీద దుమ్ము త్వరగా పేరుకుంటుంది. కరెంటు ఆపి, చల్లారాక, స్పిరిట్ తడిపిన మెత్తని గుడ్డతో తుడవాలి. ఇంత చిన్న పనితో తిరిగి వచ్చే వెలుగును మీటరుతో కొలిస్తే కొత్త యంత్రం కొనాలన్న ఆలోచన కొందరికి పోతుంది.

222: మనుషులున్న గదికి

క్రిప్టాన్ క్లోరైడ్ వాయువుతో వెలిగే ఎక్సైమర్ దీపం ఇది. పేరులో ఎక్సైమర్ ఉంది కాబట్టి కొందరు దీన్నే లేజర్ అని అమ్ముతున్నారు. ఇది దీపమే. 222 నానోమీటర్ల కాంతిని ప్రోటీన్లు గట్టిగా పీల్చుకుంటాయి. అందువల్ల అది మన చర్మం పైనున్న నిర్జీవ పొరలోనే ఆగిపోతుంది, లోపలి బతికున్న కణాల డీఎన్‌ఏ దాకా చాలా తక్కువగా వెళ్తుంది. వైరస్ అతి చిన్నది కాబట్టి దానికి అలాంటి రక్షణ లేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ బ్రెన్నర్ బృందం 2020లో గాలి తుంపరల్లోని రెండు రకాల మామూలు కరోనా వైరస్‌ల మీద చూపిన ప్రకారం 1.2 నుంచి 1.7 మిల్లీజౌల్స్ డోసుతో 99.9 శాతం నిర్వీర్యమయ్యాయి.

వినడానికి ఇక వేరే ఏదీ అక్కర్లేదనిపిస్తుంది. లెక్క చూడండి. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ ఐసీఎన్‌ఐఆర్‌పీ పరిమితి ప్రకారం 8 గంటల్లో మనిషి మీద పడే 222 కాంతి 23 మిల్లీజౌల్స్ దాటకూడదు. 254కి అయితే 6 మాత్రమే. 23ను 8 గంటలకు పంచితే, 99.9 శాతం నిర్వీర్యానికి 25 నుంచి 35 నిమిషాలు పడుతుంది. అంటే పక్క కుర్చీలో మనిషి ఇప్పుడు తుమ్మితే, ఇప్పటికిప్పుడు ఈ దీపం మిమ్మల్ని కాపాడదు. గదిలో పేరుకునే వైరస్‌ను తగ్గిస్తుంది, అంతే. అమెరికాలో ఏసీజీఐహెచ్ అనే సంస్థ 2022లో తన పరిమితిని కళ్ళకు 161, చర్మానికి 479 దాకా పెంచింది. అంత వాడాలా అన్నది మీ డాక్టరు, మీ ఇంజినీరు కలిసి తేల్చుకోవాలి. నేనైతే పాత పరిమితి దగ్గరే ఆగమంటాను, ముఖ్యంగా పిల్లల వార్డుల్లో.

కొనేటప్పుడు రెండు విషయాలు కచ్చితంగా చూడండి. దీపం ముందు ఫిల్టర్ ఉండాలి. ఫిల్టర్ లేకపోతే 230 పైనున్న హానికరమైన కాంతి కొంత బయటికి వస్తుంది. రెండోది ఓజోన్. 240 కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గాలిలో కొంత ఓజోన్‌ను పుట్టిస్తుంది. తలుపులన్నీ మూసిన చిన్న ఏసీ గదిలో ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఆస్తమా రోగులు కూర్చునే ఓపీ అయితే ఇంకా ఎక్కువ. ధర కూడా ట్యూబ్ కంటే చాలా ఎక్కువ. దంత వైద్యుల గదికి, చిన్న ఐసీయూకి, మనుషులు ఖాళీ చేయలేని చోటికి ఆ ఖర్చు సమంజసం. ఓటీ రాత్రి ఖాళీగానే ఉంటుంది కాబట్టి అక్కడ 222 కొనాల్సిన అవసరం లేదు.

ఎల్ఈడీ, నీళ్ళు

260 నుంచి 280 మధ్య కాంతినిచ్చే యూవీ-సి ఎల్ఈడీలలో పాదరసం ఉండదు, స్విచ్ వేయగానే పూర్తి వెలుగు వస్తుంది, కరెంటు పోయి వచ్చినా ఇబ్బంది లేదు. తీసుకున్న కరెంటులో యూవీ-సిగా మారేది మాత్రం కొన్ని శాతాలే. గది మొత్తానికి ఇప్పట్లో సరిపోవు. కుళాయికి బిగించే నీటి శుద్ధికి, స్టెతస్కోపులు పెట్టే పెట్టెకు సరిపోతాయి.

నీళ్ళ విషయంలో మన ఊరి అనుభవం గుర్తుంచుకోవాలి. వరద రోజుల్లో కృష్ణ ఎర్రగా పారుతుంది. బురద కణాల వెనక వైరస్ దాక్కుంటుంది, కాంతి తగలదు. క్యాండిల్, కార్బన్ ఫిల్టర్లు ముందు ఉండి, తేటపడిన నీరు యూవీ గదిలోకి వెళ్తేనే ఫలితం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ళలో కరెంటు లేదు, నీళ్ళు బురద. అలాంటప్పుడు ట్యాంకర్ నీటిని వడగట్టి కాచుకోవడం తప్ప ఏ యూవీ పరికరాన్నీ నమ్మకండి.

ఇళ్ళకోసం చేతిలో పట్టుకుని తిప్పే యూవీ కర్రలు అమ్ముతున్నారు. కొనవద్దు. వాటిలో కొన్ని 395 నుంచి 405 నానోమీటర్ల ఊదారంగు దీపాలు మాత్రమే, ఆ కొద్ది వెలుగు వైరస్‌ను ఏమీ చేయదు. నిజంగా యూవీ-సి ఇచ్చేవైతే పిల్లల కళ్ళకు ప్రమాదం. ఫోన్లు, నోట్ల కోసం అయితే కాంతి బయటికి రాని మూసిన పెట్టె ఉండాలి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఆర్‌సీఐ 2020లో అలాంటి పెట్టెలే తయారు చేసింది.

కొటేషన్ చేతికి వచ్చాక

అమ్మేవాళ్ళను తరంగదైర్ఘ్యం కాగితం మీద రాసి ఇవ్వమనండి. ‘యూవీ’ అని మాత్రమే రాస్తే తీసుకోకండి. ఒక మీటరు, రెండు మీటర్ల దూరాల్లో తీవ్రత చదరపు సెంటీమీటరుకు ఎన్ని మైక్రోవాట్లో అడగండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బిగించాక డోసు కార్డులు గదిలో నాలుగు మూలలా, మంచం పక్కన, తలుపు వెనక పెట్టి రంగు మారడం మీ కళ్ళముందు చూపించమనండి, చూసేది దీపం ఆర్పాకే. 254 అయితే తలుపు తెరవగానే ఆరిపోయే స్విచ్ లేకుండా బిల్లు చెల్లించవద్దు. రాత్రి గది ఊడ్చే ఆయమ్మకు, వార్డుబాయ్‌కు కూడా ఆ స్విచ్ ఎక్కడుందో తెలుగులో బోర్డు రాసి అంటించండి. ముందు కళ్ళకు దెబ్బ తగిలేది వాళ్ళకే.

పాత ట్యూబులను చెత్తకుండీలో వేయకండి. ఒక్కో ట్యూబులో పాదరసం కొన్ని మిల్లీగ్రాములే ఉన్నా, పగిలితే అది గాలిలోకి, కాలవలోకి పోతుంది. అట్టపెట్టెలో నిలువుగా దాచి, పాదరసం వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వండి. కొత్త ట్యూబ్ అమ్మే దుకాణదారుతో పాతవి వెనక్కి తీసుకునే ఒప్పందం కొటేషన్‌లోనే రాయించుకుంటే ఇంకా నయం.